రీబూట్‌కి తేదీ

2017 మే నెలలో వానాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. దాన్ని అడ్డుకునే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. వచ్చి రెండు నెలలైనా వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు.

అవి విండోస్ మిషన్లు, నిజమే. అలాగని లైనక్స్ వాడేవాళ్లం నిశ్చింతగా కూర్చోలేం. సెక్యూరిటీ అప్‌డేట్ ఎవరికో గుర్తొచ్చినప్పుడు వేసే పని కాకూడదు. అందుకే నేను చూసే డెబియన్ సర్వర్లన్నిటిలో, మనిషి లేకుండానే సెక్యూరిటీ అప్‌డేట్లు వేసే అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ పెట్టాను. పొద్దున ఆరు దాటాక గంటలోపు ఏదో ఒక నిమిషంలో అది పని మొదలెడుతుంది. మిషన్లన్నీ ఒక్కసారే మొదలెట్టకుండా ఆ తేడా కావాలనే పెట్టారు.

ఇందులో నాకు బాగా నచ్చేది అది చేయకుండా వదిలేసే పనులు. ఒక సెట్టింగ్స్ ఫైలు మనం మార్చుకుని ఉన్నాం, కొత్త ప్యాకేజీ తన ఫైలు తెచ్చింది అనుకోండి. మనమే కూర్చుని అప్‌గ్రేడ్ చేస్తుంటే, ప్యాకేజీలు వేసే డీపీకేజీ ఆగి అడుగుతుంది, మీది ఉంచాలా, కొత్తది వేయాలా అని. ఆ వేళకి జవాబు చెప్పే మనిషి ఉండడు కాబట్టి అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఆ ప్యాకేజీని ముట్టుకోదు, పేరు లాగ్‌లో రాసి ముందుకు పోతుంది. మనం చెప్తే తప్ప రీబూట్ కూడా చేయదు.

అసలు చిక్కు రీస్టార్ట్, రీబూట్ల దగ్గరే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొత్తది డిస్కులోకి వచ్చినా, ఎప్పుడో మొదలైన వెబ్ సర్వర్ మెమరీలో పాత లైబ్రరీతోనే నడుస్తుంటుంది. లాగ్ చూస్తే అంతా అయిపోయినట్టే ఉంటుంది. నీడ్‌రీస్టార్ట్ అనే టూల్ నడిపితే ఏ సర్వీసు పాతదాన్ని పట్టుకుని ఉందో బయటపడుతుంది. కెర్నెల్ మారితే ‘రీబూట్-రిక్వైర్డ్’ అనే ఫైలు కనిపిస్తుంది.

భిలాయిలో పెరిగినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. అక్కడి స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ రాత్రీ పగలూ మండుతూనే ఉంటుంది; పెద్ద రిపేరుకు మాత్రం షట్‌డౌన్ తేదీ ముందే ఖాయం చేస్తారు. సెక్టార్ క్వార్టర్లలో “ఆయనకి షట్‌డౌన్ డ్యూటీ అండీ” అంటే పెళ్లిపిలుపుకి కూడా అదే జవాబు. మా సర్వర్ల రీబూట్ ఆదివారం రాత్రి, వాడేవాళ్లకు ముందే చెప్పి.

అదీ అన్నీ ఒకేసారి కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒక్కటి దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లను పడేసింది, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందుకే పెద్దగా ఎవరూ వాడని సర్వర్‌ని ముందు రీబూట్ చేస్తాను. అది లేచి, లాగిన్ అయి, సైటు తెరుచుకుంటేనే మిగతావి. అన్నీ అయ్యాక నీడ్‌రీస్టార్ట్ మళ్లీ నడుపుతాను.