పెర్పెతువ చెరసాల రాతలు

తొలినాటి క్రైస్తవ హతసాక్షుల కథలు వరసగా చదివితే చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. అధికారి బెదిరిస్తాడు, విశ్వాసి దీటుగా జవాబిస్తాడు, చివరికి మరణం. పెర్పెతువ కథ ఆ మూసలో ఇమడదు. అందులో కొంతభాగం ఆమె స్వయంగా రాసుకున్నది. ఆవిడ బాధల్లో ముందు వచ్చేది మృగాల భయం కాదు, ఆకలితో నీరసించిపోతున్న చంటిబిడ్డ.

రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కాలం, 203వ సంవత్సరం, ఇప్పటి ట్యునీషియాలోని కార్తేజ్ నగరం. పెర్పెతువకి 22 ఏళ్ళు. కలిగిన కుటుంబం, చదువుకున్న మనిషి. బాప్తిస్మం కూడా కాపలాలో ఉండగానే తీసుకుంది. లాటిన్ మూలంలో 21 చిన్న అధ్యాయాలున్నాయి. అందులో 3 నుంచి 10 దాకా ఆమె సొంత రాతే అంటాడు వాటిని కూర్చిన పేరు తెలియని సంపాదకుడు.

ఉపదేశానికి పనికిరాని వివరాలే ఆ ఎనిమిది అధ్యాయాలకి బలం. జైల్లో చీకటి, ఉక్క, సైనికుల దోపిడీ. ఇద్దరు పరిచారకులు లంచమిచ్చి కాసేపు మెరుగైన చోటికి మార్పిస్తే, అక్కడ బిడ్డకి పాలిచ్చింది. (సంఘం పెద్దలు లంచమిచ్చారని ఏ సంకోచమూ లేకుండా రాసేసింది!) తరవాత ఆమెకి ఒక కల వస్తుంది. ఆకాశానికి కంచు నిచ్చెన, అంచుల పొడుగునా కత్తులు, కొక్కేలు, కింద పెద్ద సర్పం. ఆ సర్పం తలనే మొదటి మెట్టుగా తొక్కి ఎక్కుతుంది. యాకోబు నిచ్చెన, ఏదెను సర్పం అని ఆదికాండం చదివినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. అయితే పైన కనిపించిన కాపరి గొర్రె పాలు పితుకుతూ ఆమెకి గడ్డపెరుగు లాంటి ముద్ద ఒకటి పెడతాడు. బాలింత కల కదా! ఆమెలో లేఖనం కంఠతా పట్టిన వాక్యంగా కాక, ఒంట్లోకి ఇంకిన జ్ఞాపకంగా పనిచేస్తోంది.

ఇక తండ్రి. ఈ పుస్తకంలో నన్ను వదలని మనిషి ఆయనే. క్రైస్తవుడు కాదు. మళ్ళీ మళ్ళీ వస్తాడు. ఒకసారి కూతురి చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ళ మీద పడి, కూతురా అనడం మానేసి అమ్మగారూ అన్నట్టు పిలుస్తాడు. విచారణలో ఆమె మనసు మార్చబోతే అధికారి ఆయన్ని బెత్తంతో కొట్టిస్తాడు. ఆ దెబ్బ తనకే తగిలినట్టుందని రాసుకుంది. నిర్ణయం మార్చుకోలేదు, గెలిచానని కూడా రాయలేదు. ఆయన ముసలితనం చూసి బాధపడింది, అంతే. శిష్యుడు కావాలంటే తల్లిదండ్రుల విషయంలో ఎంత కఠినంగా ఉండాలో లూకా 14లో యేసు చెప్పిన మాటకి వ్యాఖ్యానాలు బోలెడు. దాన్ని పాటించినప్పుడు ఎదుటి మనిషి మొహం ఎలా ఉంటుందో చూపించే పేజీలు తక్కువ. విశ్వాసానికయ్యే ఖర్చులో కొంత ఆ విశ్వాసం లేనివాళ్ళు కూడా కట్టాల్సి వస్తుందని దాచకుండా రాసింది ఈమె.

రాయనివీ ఉన్నాయి. భర్త ప్రస్తావన ఎక్కడా లేదు. తనతో పాటు పట్టుబడిన బానిస స్త్రీ ఫెలిసితాస్ పేరూ ఈ ఎనిమిది అధ్యాయాల్లో కనపడదు. ఆవిడ ఎనిమిది నెలల గర్భిణి. గర్భిణులకి శిక్ష వెయ్యకూడదని చట్టం కాబట్టి, తోటివాళ్ళ నుంచి విడిపోతానేమోనని ఆవిడ భయం. జైల్లోనే ఆడపిల్లని కన్నది. ఇదంతా సంపాదకుడు చెప్తేనే మనకి తెలుస్తుంది. ఒకే గదిలో ఇద్దరు తల్లులు, కలం మాత్రం ఒకరి చేతిలోనే ఉంది. రెండు శతాబ్దాల తరవాత అగస్టీన్ ప్రసంగాల్లో ఇద్దరి పేర్లూ కలిపి 'నిత్యానందం' అని శ్లేష చేశాడు. అందమైన శ్లేషే, కానీ అందులో ఇద్దరి మధ్య తేడా మాయమైపోయింది.

ఆటస్థలంలో జరగబోయేది కావలసినవాళ్ళు రాసుకోవచ్చని పెర్పెతువ ముందురోజే కలం ఆపేసింది. ఆపైన సంపాదకుడు రాసిన ఒక దృశ్యం ఉంది. ఇద్దరినీ బట్టలు విప్పించి, వలలు చుట్టి బయటికి తెచ్చారు. ఒకతె నాజూకు పిల్ల, ఇంకొకతె పచ్చి బాలింత, రొమ్ముల నుంచి పాలు కారుతున్నాయి. చంపుతుంటే చూద్దామని వచ్చిన జనమే అది చూడలేకపోయారు. ఇద్దర్నీ వెనక్కి తీసుకెళ్ళి, బట్టలు తొడిగి, మళ్ళీ తీసుకొచ్చారు.