మాధవనిదానంలో విషూచిక: ఒక విమర్శ

జీర్ణకోశంలో హఠాత్తుగా పుట్టి ప్రాణం మీదికి తెచ్చే వ్యాధులను మన ప్రాచీన వైద్యులు ఎట్లా అర్థం చేసుకున్నారో తెలుసుకోదలచిన వారికి మాధవనిదానంలోని 6వ అధ్యాయం మంచి ఆధారం. అగ్నిమాంద్యం, అజీర్ణం, విషూచిక, అలసకం, విలంబిక అనే ఐదింటిని మాధవకరుడు అందులో ఒకచోట చేర్చాడు. చరక సుశ్రుతాదుల మాటలను ఏరి కూర్చిన సంగ్రహం కనుక, ఆ నాటి వైద్యుల ఉమ్మడి అభిప్రాయం ఇందులో మనకు కనిపిస్తుంది. ఈ అధ్యాయాన్ని కొందరు కళ్ళకద్దుకొంటారు, మరికొందరు చూడకుండానే తోసివేస్తారు. ఇందులో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని విడదీసి చూడటం ఇంతకంటె ఉపయోగకరం.

గ్రంథకారుల సిద్ధాంతం స్థూలంగా ఇది. కడుపులోని జఠరాగ్ని మందగిస్తే తిన్న అన్నం పక్వం కాక 'ఆమం'గా నిలిచిపోతుంది. అదే అజీర్ణం. ఆమం పైకీ కిందికీ వెళ్ళగొట్టబడితే, అనగా వాంతులూ విరేచనాలూ కలిసి వస్తే, అది విషూచిక. సూదులతో పొడిచినట్లు బాధ ఉంటుంది కనుక 'సూచి' శబ్దాన్ని బట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఆమం ఎటూ పోక కడుపు ఉబ్బి, మల వాయువులు స్తంభించిపోతే అలసకం. నేటి శస్త్రవైద్యుడు ప్రేగు మూసుకుపోయిన రోగిలో చూసే చిత్రం దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. ఒకే సమయంలో వచ్చే కడుపునొప్పిని ఈ విధంగా రెండుగా విడదీయటం సామాన్యమైన పరిశీలన కాదు.

ఈ అధ్యాయానికి ప్రాణం లక్షణవర్ణనలోనే ఉంది. విషూచికలో దప్పిక, మూర్ఛ, కండరాల పట్టులు, వణుకు వస్తాయని గ్రంథం చెబుతుంది. నిద్రలేమి, అస్థిమితం, కంపం, మూత్రం బిగిసిపోవటం, స్పృహ తప్పటం అనే ఐదింటినీ ఘోరమైన ఉపద్రవాలుగా లెక్కిస్తుంది. దంతాలు, పెదవులు, గోళ్ళు నల్లబడి, కళ్ళు లోతుకు పోయి, గొంతు సన్నగిల్లి, కీళ్ళు సడలిన రోగి ఇక తిరిగిరాడని హెచ్చరిస్తుంది. వీటన్నిటికీ మూలం ఒక్కటేనని నేడు మనకు తెలుసు: శరీరంలోని నీరు, లవణాలు తరలిపోవటం. నీరు తగ్గితే రక్తప్రసరణ క్షీణిస్తుంది. పెదవులు, గోళ్ళు రంగు మారతాయి. మూత్రపిండాలకు చాలినంత రక్తం అందక మూత్రం ఆగుతుంది. లవణాలు పోవటంవల్ల కండరాలు పట్టుకుంటాయి. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. కొలిచే సాధనాలు లేని కాలంలో, కంటితో చూసి ఇంత నిక్కచ్చిగా వ్రాసిన వైద్యులకు నమస్కరించవలసిందే.

చిక్కు కారణం దగ్గర వస్తుంది. అజీర్ణానికి మాధవకరుడు చూపిన హేతువుల్లో మొదటిది నీరు అధికంగా త్రాగటం. తరువాత వేళ తప్పిన భోజనం, మలమూత్రవేగాలను ఆపుకోవటం, నిద్ర తారుమారు కావటం. నీటి పరిమాణం దోషమైంది. నీటి శుభ్రత ప్రస్తావనకు రాలేదు. అంతటితో ఆగక, మితాహారులకూ శాస్త్రం తెలిసినవారికీ విషూచిక రాదనీ, నిగ్రహం లేని తిండిపోతులకే వస్తుందనీ తీర్పు చెప్పబడింది. చరకుడు విమానస్థానం 2వ అధ్యాయంలో మరికొంత విశాలంగా ఆలోచించాడు. గురువైన, చల్లని, విరుద్ధమైన ఆహారాలతోపాటు 'అశుచి' అయిన అన్నపానాలనూ, భయ శోకాది మనోవికారాలనూ పేర్కొన్నాడు. కానీ ఆ 'అశుచి' పెద్ద జాబితాలో ఒక్క మాటగానే మిగిలిపోయింది.

ఆశ్చర్యమేమంటే ఆ పక్క అధ్యాయమే, అనగా 3వది, జనపదోద్ధ్వంసాన్ని గురించినది. ప్రకృతి, ఆహారం, బలం, అలవాట్లు వేరువేరైన జనులందరూ ఒకే కాలంలో ఒకే వ్యాధితో ఎట్లా నశిస్తారన్న ప్రశ్న అందులో వస్తుంది. అందరికీ ఉమ్మడిగా ఉండే వాయువు, నీరు, దేశం, కాలం చెడటంవల్లనేనని ఆత్రేయుడు సమాధానం చెబుతాడు. వాసన, రంగు, రుచి మారిన నీటిని, జలపక్షులు విడిచిపోయిన నీటిని చెడిన నీరుగా వర్ణిస్తాడు. అంటువ్యాధుల శాస్త్రం నేడు వేసే మొదటి ప్రశ్న కూడా అదే. ఆత్రేయుడు ఆ దోషాలకు మూలాన్ని చివరకు అధర్మంలో వెతికాడు. అయినా ప్రశ్న సరియైనదే. ఈ రెండు అధ్యాయాల మధ్య ఒక తలుపు తెరిచి ఉంటే విషూచిక కథ వేరుగా ఉండేది. కానీ విషూచిక పళ్ళెంలోని దోషంగా ఒక గదిలో, మహమ్మారి నీటి దోషంగా మరొక గదిలో ఉండిపోయాయి. తరువాతి సంగ్రహకర్తలు కూడా ఆ తలుపు తెరవలేదు.

1817లో వంగదేశం నుండి కలరా ప్రపంచమంతటా వ్యాపించిన తరువాత, క్రమంగా తెలుగులో విషూచి అంటే కలరా అనే అర్థమే స్థిరపడింది. 1854లో లండనులో జాన్ స్నో త్రాగునీటి పంపు వైపు వేలు చూపాడు. అదే ఏట ఇటలీలో పాచినీ సూక్ష్మజీవిని చూశాడు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ ఆ క్రిమిని రోగులలోనూ ఒక చెరువు నీటిలోనూ కనుగొన్నాడు. 1959లో కలకత్తాలోనే శంభునాథ్ డే, క్రిములను తొలగించిన ద్రవం కూడా కుందేలు ప్రేగులో నీటిని ఊరించగలదని చూపి, ఆ క్రిమి విసర్జించే విషాన్ని నిరూపించాడు.

'ఆమవిషం' అన్న మాటలో ఈ విషాన్నే మన పూర్వులు ముందుగా చెప్పారని కొందరు వాదిస్తారు. ఇది సరికాదు. వ్యాధి లక్షణాలు విషం తిన్నవాని లక్షణాలను పోలి ఉన్నందున చరకుడు ఆ పేరు పెట్టాడు. ఉపమానం ఉపమానమే, ప్రయోగం ప్రయోగమే. పూర్వులు చెప్పనిది వారిచేత చెప్పించటం వారికి గౌరవం కాదు.

చికిత్సలోనూ ఇదే మిశ్రమం కనిపిస్తుంది. సుశ్రుతుడు విషూచికకు మడమలపై వాత పెట్టటం, తీక్ష్ణమైన వమనం చెప్పాడు. నీరు కోల్పోయినవానిచేత మళ్ళీ వాంతి చేయించటం ప్రమాదకరం. చరకుడు ముందు లంఘనం, తరువాత విరేచనం అయినవానికి ఇచ్చే క్రమంలో పేయాదులు, అనగా పలుచని జావలు, ఇవ్వమన్నాడు. శార్ఙ్గధరుడు బియ్యానికి పద్నాలుగు రెట్ల నీటితో కాచిన మండానికి శొంఠి, సైంధవలవణం చేర్చమన్నాడు. ఈ ఉప్పుగంజి మార్గం ఎంత విలువైనదో 20వ శతాబ్దం తేల్చింది. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ కలరా రోగులకు నోటిద్వారా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబీస్ ఆ పద్ధతితో అనేక ప్రాణాలు కాపాడాడు. క్రిమివిషం సోకిన ప్రేగు కూడా గ్లూకోజుతో కలిసి వచ్చిన ఉప్పును లోపలికి తీసుకుంటుంది. ఉప్పు వెంట నీరు వస్తుంది. గంజిలోని పిండిపదార్థం జీర్ణమై గ్లూకోజు అవుతుంది కనుక గంజి కూడా అదే పని చేయగలదు. అయితే ప్రాచీన మండంలో ఉప్పుకు కొలత లేదు. కొలత తప్పితే మేలు కీడవుతుంది.

ఈ విమర్శ గ్రంథాలకే పరిమితం కాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణనష్టం జరిగింది. అనుమానం త్రాగునీటి మీదికే పోయింది. అక్కడ మంచం పట్టినవారు తిండిపోతులు కారు. చోడి అంబలి త్రాగి పొలానికి పోయేవారికీ ఆ వ్యాధి వస్తుంది. రోగి నిగ్రహాన్ని తప్పుపట్టే నిదానం బావినీ, గొట్టాన్నీ, మురుగుకాలువనూ చూడకుండా మన కళ్ళు మూస్తుంది.

రెండవ ప్రమాదం ఇంట్లోనే ఉంది. 'లంఖణం పరమౌషధం' అన్న సామెతను నమ్మి, నీళ్ళిస్తే బేదులు ఎక్కువవుతాయని బిడ్డ నోటికి నీరు కూడా అందనివ్వని పెద్దలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. చరకుని లంఘనం వెంట పేయ ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు. అట్టి సమయంలో ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద వ్రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలపాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఈ ప్రమాదచిహ్నాలను మాధవకరుడు ఏనాడో వ్రాసిపెట్టాడు. అతడు తిరిగిరాడన్న రోగిని నేడు ఉప్పునీటితో తిరిగి తేగలం. అతని కన్నును మనం ఉంచుకొందాము. అతని తీర్పును వదలివేద్దాము.