సభాభిప్రాయ పత్రములు

ప్రధానోపాధ్యాయుల సభలు ముగియునపుడు అభిప్రాయ పత్రములు పంచుట నేడు పరిపాటి యైనది. అట్టి పత్రమొకటి మా చేతికి వచ్చినది. భోజనము, వసతి, ఉపన్యాసకుల వాగ్ధాటి, కాలపాలనము వీనిని గూర్చి యందు ప్రశ్నలు గలవు. పాఠశాలను గూర్చి యొక్కటియు లేదు. పైగా క్రింద పేరును, సంతకమును గోరిరి. పై యధికారి చూడబోవు కాగితమున సంతకము చేసి, ఈ యుపన్యాసము నిరుపయోగమని వ్రాయగల వాడెవడు?

భోజనవసతుల ప్రశంస కూడదని మే మనము. దూరమునుండి వచ్చిన వారికి అవియు వలయును. కాని శిక్షణమును నాలుగు మెట్లుగా పరీక్షింపవలెనని కిర్క్‌పాట్రిక్ అను అమెరికా పండితుడు 1959లోనే వ్రాసెను: వచ్చినవారికి నచ్చెనా, ఏమి నేర్చిరి, మరలిపోయి పనితీరు మార్చుకొనిరా, తుదకు ఫలమేమి? మనము మొదటి మెట్టుననే కూర్చుండి కొండ నెక్కితిమని మురియుచున్నాము.

ప్రధానోపాధ్యాయులు ఏటేట 50 గంటలైన వృత్తిశిక్షణము పొందవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ఆ గంటలు బాలబాలికల సొత్తు. వాని లెక్క వారి చదువులో గనబడవలెను గాని విస్తళ్లలో గాదు.

కావున నిర్వాహకులకు మా మనవి యిది. పేరడుగని పత్రము నిండు. మూడు నెలలు గడచిన పిదప మరల నడుగుడు: సభలో విన్నదానిలో మీ బడియందు నడచుచున్న దేది? నడువని దానికి అడ్డమేమి? ఉత్తరములు చేదుగా నుండవచ్చును. రాబోవు సభకు కార్యక్రమము వానినుండియే పుట్టవలెను.