ఏకధిక్కరణి ‘దక్షత’ - ఒక విమర్శ

ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చు ఏకధిక్కరణిని గూర్చి మన కళాశాలలలో రెండు సంఖ్యలు చిరకాలముగా బోధింపబడినవి. అర్ధతరంగ ఏకధిక్కరణి దక్షత 40.6 శాతము, పూర్ణతరంగ ఏకధిక్కరణి దక్షత 81.2 శాతము. గణితములో దోషము లేదు. దోషమంతయు ‘దక్షత’ అను పేరులో ఉన్నది.

మోటారు దక్షత 81 శాతమన్నచో తక్కిన 19 శాతము వృథా అయినదని అర్థము. అదే మాట ఇచ్చట వినిన విద్యార్థి, డయోడులు అంత శక్తిని మ్రింగివేయుచున్నవని తలచుట సహజము. కాని డయోడులకు నిరోధమే లేదనుకొని కదా 81.2 సాధించినారు! నిరోధము లేనిచోట వేడి ఎట్లు పుట్టును? 1000 వాట్ల హీటరును అట్టి పూర్ణతరంగ ఏకధిక్కరణి ద్వారా కలిపినచో 1000 వాట్లును హీటరుకు చేరును. అర్ధతరంగమైనచో సుమారు 500 వాట్లే చేరును; సరఫరానుండి తీసికొనునదియు అంతే. 81.2 అనునది చేరిన శక్తిలో నిలుకడగల ఏకముఖాంశ మెంతయో చెప్పు సంఖ్య. తక్కినది అలల రూపమున అదే హీటరుకు చేరుచున్నది. సూత్రములో 0.812ను గుణించు రెండవ అంశము, అనగా భారనిరోధమును మొత్తము నిరోధముతో భాగించగా వచ్చునది, మాత్రమే నిజమైన నష్టమును తెలుపును. రెండు వేరు సంగతులను గుణించి ఒకే పేరు పెట్టినారు.

ఈ భ్రమ పరీక్షతో పోవునది కాదు. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగులలోను, చిలకలూరిపేట ప్రాంతపు నూలుమిల్లులలోను పనిచేయునవి మూడు ఫేజుల మోటార్లు. అట్టి మోటార్ల వేగమును మార్చు డ్రైవులో సాధారణముగా ముందు ఆరు డయోడుల ఏకధిక్కరణి, దాని వెనుక ఏకముఖ విద్యుత్తును తిరిగి మూడు ఫేజులుగా మార్చు ఇన్వర్టరు ఉండును. ఆరు డయోడులకు పాత నిర్వచనము 99.8 శాతము ఇచ్చును. ఫేజులు పెరిగినందున వేడి తగ్గినదని దీనికి అర్థము కాదు, తగ్గినది అల. నష్టమును వేరుగా లెక్కింపవలెను. 415 వోల్టుల సరఫరాకు ఏకముఖ వోల్టేజి సుమారు 560. ప్రవాహము ఒకేసారి రెండు డయోడుల గుండా పోవును. ఒక్కొక్కదానిలో 1 వోల్టు పడిపోయినను, 560లో 2, అనగా 0.4 శాతములోపు. అవే రెండు డయోడులు 5 వోల్టుల పరికరములో ఉన్నచో కథ వేరు.

కనుక డ్రైవు దక్షతను పెంచదలచినవాడు డయోడులవైపు చూచి లాభము లేదు. ఇన్వర్టరులోని స్విచ్చులు సెకనుకు కొన్నివేల మారులు తెరచుకొని మూసికొనుచుండును. ప్రతి మారును కొంత శక్తి వేడియగును. మారులు తగ్గించినచో ఆ నష్టము తగ్గును గాని, ప్రవాహములో వంకరలు పెరిగి మోటారే వేడెక్కును. బేరమంతయు ఇచ్చట ఉన్నది. డ్రైవువలన పెద్ద లాభము మరియొకచోట కలదు. మిల్లులో తేమగాలిని పంపు ఫ్యానుల వేగమును 80 శాతమునకు తగ్గించగలిగినచో, వేగఘనము ననుసరించి, వలయు శక్తి దాదాపు సగమగును. డ్రైవు తాను తినునది కొద్ది శాతమే. ఎల్లప్పుడు పూర్తివేగముతో తిరుగవలసిన మోటారుకు మాత్రము ఆ కొద్ది శాతమును దండుగయే. (డ్రైవును చల్లబరచు రేకుల నడుమ దూదినుసి పేరుకొన్నచో ఏ లెక్కయు నిలువదు.)

పాఠములనుండి 40.6ను, 81.2ను తీసివేయనక్కరలేదు. వాటికి ‘ఏకముఖాంశ నిష్పత్తి’ అని పేరు పెట్టి, ప్రక్కనే డయోడు వోల్టేజి పతనముతో పై విధమైన నష్టపు లెక్క నొకటి చేయించిన చాలును. దానికి అర్ధగంట పట్టదు.