అపరాధభారము – ప్రతీకారము: రెండు అమెరికను నవలలు, కీచకవధ ఘట్టము

బలాత్కారమును వస్తువుగా గ్రహించిన కథను పరిశీలించునపుడు విమర్శకుడు మొదట అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ కథలో అపరాధభారమును మోయుచున్న దెవరు? నేరము చేసినవాడొకడు, దాని భారమును మోయువారు వేరొకరు అగుట లోకములో తరచుగా కనబడు విషయము. దుష్టుడు శిక్షింపబడెనా లేదా యను ప్రశ్న దీని తరువాతిది. ఈ రెంటిని వేరుపరుపని రచన పాఠకుని ఉద్రేకపరచును గాని, వాని వివేకమును మేల్కొలుపజాలదు. ఈ దృష్టితో రెండు అమెరికను నవలలను, తిక్కన విరాటపర్వములోని కీచకవధ ఘట్టమును పరిశీలింపదలచితిమి.

అమెరికాలో బాలసాహిత్యమును దాటి, ప్రౌఢ సాహిత్యమునకు ఇవతల నిలిచిన నవలాశాఖకు ‘న్యూ అడల్ట్’ అని పేరు. 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అను ప్రకటనసంస్థ ఈ పేరును ప్రచారములోనికి దెచ్చినది. కళాశాలలో చేరి, తల్లిదండ్రుల నీడనుండి అప్పుడప్పుడే వెలుపలికి వచ్చిన యువతీయువకులు ఈ నవలలకు నాయికానాయకులు. కథ పెక్కుసారులు ఉత్తమపురుషలో నడచును. భావతీవ్రత వీని ప్రధానలక్షణము. ఆ తీవ్రతకై బలాత్కారమును కేవలము ఉద్దీపనసామగ్రిగా వాడుకొనుట ఈ శాఖకు సహజముగా ఏర్పడిన ప్రమాదము.

టామరా వెబ్బర్ 2012లో మొదట స్వయముగా ప్రకటించుకొనిన ‘ఈజీ’ ఈ శాఖలో మిక్కిలి ప్రచారము పొందినది. నాయిక జాక్వెలీన్ ఒక రాత్రి విందునుండి మరలి వచ్చుచుండగా, తానెరిగిన విద్యార్థియే, బక్ అనువాడు, ఆమెపై బలాత్కారమునకు పూనుకొనును. లూకస్ అను యువకుడు అడ్డుపడి ఆమెను రక్షించును. ఆమె పోలీసులకు చెప్పదు. కొంతకాలమునకు అదే బక్ మిండీ అను వేరొక యువతిని చెరచును. అది తెలిసిన క్షణమునుండి జాక్వెలీన్ హృదయమును దహించునది భయము కాదు, ‘నేను మౌనముగా నుంటిని గదా’ యను అపరాధభావము.

లూకస్ కథయు దీనికి తోడగుచున్నది. చిన్నతనమున తన యింటనే తల్లి అత్యాచారమునకు, హత్యకు గురికాగా కాపాడలేకపోతినను వేదన వానిని వీడలేదు. పసివాడు చేయగలిగినదేమియు లేదని పాఠకునికి తెలియును. వానికి మాత్రము తెలియదు. నేరము చేయనివారిరువురు నేరభారమును మోయుచుండగా, నేరస్థుడు నిశ్చింతగా విద్యాలయమున తిరుగుచుండును. ఈ కూర్పే నవలకు ప్రాణమని మా యభిప్రాయము. మిండీయు జాక్వెలీనును కలిసి ఫిర్యాదు చేయబూనినపుడు, తమ సంఘముల ప్రతిష్ఠకై తోడి విద్యార్థులే వారిని వెనుకకు లాగజూతురు. వారు వెనుదీయక వాఙ్మూలము నిత్తురు. నవలలో నిజమైన పతాకసన్నివేశ మిదియే. లూకస్ పిడికిలిపోట్లు కావు.

ఈ నవలకు లోపము లేకపోలేదు. రక్షకుడే ప్రియుడగుట శృంగారకథలలో అరిగిపోయిన మార్గము. రచయిత్రి జాక్వెలీన్ చేత ఆత్మరక్షణ శిక్షణ పొందించి ఆ లోపమును కొంత సవరించినది. అయినను ప్రణయము పెరిగిన కొలదియు మిండీ దుఃఖము కథాంచలమునకు తొలగిపోవుచుండుట కాదనరాని సత్యము.

మిండీ మెక్‌గిన్నిస్ 2016లో ప్రకటించిన ‘ది ఫీమేల్ ఆఫ్ ది స్పీషీస్’ ఇంకను చిన్న వయస్సువారి కుద్దేశింపబడినది. అందు అలెక్స్ అను బాలిక, తన అక్కను చెరచి చంపినవాడు శిక్షపడక తప్పించుకొనగా, వానిని తానే చంపును. ఆమెకు పశ్చాత్తాపము లేదు. ఈ నిర్దయసత్యమును రచయిత్రి దాచకుండుట మెచ్చదగినది. కాని కథాంతమున అలెక్స్ మరణించును. ప్రతీకారము ధర్మమా కాదా యను ప్రశ్నకు ఈ మరణము సమాధానము కాజాలదు. ప్రశ్న వేసిన పాత్రను రంగమునుండి తొలగించుట మాత్రమే యగును.

ఇట్టి నవలలను మహాభారతముతో పోల్చుట తగునా యని కొందరు శంకింపవచ్చును. మేము కావ్యగౌరవమును తూచుట లేదు. ఒకే ప్రశ్నను రెండు తావుల అడుగుచున్నాము. విరాటపర్వ ద్వితీయాశ్వాసమున కీచకుడు సైరంధ్రిని నిండుసభలో తన్నును. విరాటుడు ఏమియు చేయలేడు. కంకుడుగా నున్న ధర్మరాజు, అజ్ఞాతవాసభంగ భయముచే, నటివలె సభలో నిలువవలదని ఆమెనే మందలించును. నేరము కీచకునిది, మందలింపు ద్రౌపదికి. ఆమె ఆ మందలింపును తలవంచి గ్రహింపదు. తన భర్త నటుడే యనియు, జూదరి యనియు ఎత్తిపొడిచి, ఆ భారమును న్యాయముగా చెందవలసినవారికే మరల్చును. ఆ రాత్రి భీముని మేల్కొలిపి దుఃఖమంతయు చెప్పినపుడు సైతము ఆమె మాటలలో రోషమున్నది, శోకమున్నది, నిష్ఠురమున్నది. తాను తప్పు చేసితినను భావము లేశమును లేదు. జాక్వెలీన్ నవల చివరకు గాని చేరలేని స్థానమున ద్రౌపది మొదటినుండియు నిలిచియున్నది.

కీచకవధతో కథ ముగిసినచో అది వట్టి ప్రతీకారకథ యగును. అట్లు ముగియదు. ఉపకీచకులు, అన్న చావునకు ఈమెయే కారణమని, ఆమెను కట్టి శవముతోపాటు దహింప గొనిపోవుదురు. భీముడు వారినిగూడ చంపిన పిమ్మట సుదేష్ణ ఆమెను తన యింటినుండి వెడలుమనును. కీచకుని మందిరమునకు ఆమెను పంపినది ఈ సుదేష్ణయే! దుష్టుడు చచ్చెను, నింద చావలేదు. ప్రతీకారము శరీరమును రక్షింపగలదు గాని, లోకము మోపిన అపరాధమును తుడిచివేయలేదని కవి ఎట్టి వ్యాఖ్యానమును లేకయే కథాగమనముచే తెలిపినాడు.

భావతీవ్రత నవలకు దోషము కాదు. అయితే ఆ తీవ్రత శిక్షాసన్నివేశమునందే వ్యయమైపోయినచో కథ తన పనిని సగములోనే విడిచినట్లగును. బాధితురాలు ‘ఈ భారము నాది కాదు’ అని పలుకగలిగిన క్షణమును, ఆ పలుకును వినని సంఘమును రెంటిని చూపినపుడే అది సాహిత్యమగును. ‘ఈజీ’ మొదటిదానిని శక్తికొలది చూపినది. రెండవదానిని స్పృశించి విడిచినది. ద్రౌపది కథ రెంటిని చూపినది. నేడు తెలుగున ఈ వస్తువును చేపట్టు యువరచయితలు నాయకుని బాహుబలమును గూర్చి కాక, మరునాటి ఉదయమున సుదేష్ణ పలికిన మాటను గూర్చి ఆలోచింతురుగాక.