ఫోన్ ఎవరికి వెళ్తుంది?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ నిండుగా ఉన్న సమయం. ఆ హడావుడిలో అధికారులకు గుర్తొచ్చిన పేరు కన్నయ్యనాయుడు. ఎప్పుడో రిటైరైన గేట్ల నిపుణుడు, డెబ్భై దాటిన మనిషి. వారం తిరిగేసరికి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు దింపించి వరద ఆపించారు. మరుసటి నెల ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను పడవలు ఢీకొట్టినప్పుడూ ఆయనే రావాల్సి వచ్చింది.

అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం, మనుషులతోపాటే పనితనం పోకుండా చూడటం నా పని కాబట్టి, కాస్త భయం వేసింది. తుంగభద్ర డ్యామ్ పక్కనే హోసపేటలో గేట్లు తయారుచేసే ప్రభుత్వ సంస్థ, తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్, ఉండేది. దాన్ని మూసేయడానికి 2015లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మూసేముందు నష్టాల లెక్క ఎలాగూ తీస్తారు. అక్కడి పనివాళ్లకు తెలిసినదాన్ని ఏ పద్దులో రాస్తారు?

అలాంటి లెక్కకు ఒక పద్ధతి లేకపోలేదు. అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ విద్యుత్ సంస్థ తయారుచేసింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా 2006లో అణు విద్యుత్ కేంద్రాలకు అదే దారి చూపించింది. రిటైర్మెంటు ఎంత దగ్గరైతే అంత ఎక్కువ మార్కులు, 5 దాకా. ఆ పని ఇంకెవరికైనా వచ్చా, కాగితం మీద ఉందా, నేర్చుకోడానికి ఎన్నేళ్లు పడుతుంది అన్నదానికి ఇంకో 5. రెండూ హెచ్చవేస్తారు. 20, ఆపైన వస్తే వెంటనే కదలాలి.

ఇదే ఫారం పట్టుకుని ఒక పట్టణంలో మంచినీళ్ల విభాగానికి వెళ్లాను. ఇంజనీర్లకు మార్కులు చకచకా పడ్డాయి. వాల్వులు తిప్పే మనిషి దగ్గర బండి ఆగింది. ఔట్‌సోర్సింగ్. రిటైర్మెంటు తేదీయే లేదు, రేపు మానేసినా అడిగేవాడు లేడు. మొదటి గడి ఖాళీగా వదిలేశాం. రెండో గడిలో ఇంజనీరుగారు 2 వేశారు. వాల్వు తిప్పడమేగా అన్నారు.

"అతను సెలవు పెట్టినరోజు ఏం చేస్తారండీ?"

"ఫోన్ చేసి కనుక్కుంటాం."

పెళ్లికెళ్లినా ఫోనే, ఆస్పత్రిలో ఉన్నా ఫోనే. 2 కొట్టేసి 5 వేశారు. నన్నడిగితే మొత్తం ఫారం కన్నా ఈ ఒక్క ప్రశ్న నయం. మన దగ్గర చేతిపని తెలిసినవాళ్లలో చాలామంది ఏ సర్వీసు రిజిస్టరులోనూ కనపడరు.

మనిషిని పట్టుకున్నంత మాత్రాన విద్య దొరకదు. తనకేం తెలుసో అతనికే తెలియకపోవచ్చు. అదే టెన్నెసీలో, ఓక్‌రిడ్జ్‌లోని వై-12 ప్లాంటులో, డబ్ల్యూ76 అణు వార్‌హెడ్‌ల కోసం ఫాగ్‌బ్యాంక్ అనే రహస్య పదార్థం తయారయ్యేది. 1989 తర్వాత ఆపేశారు. ఆ వార్‌హెడ్‌ల ఆయుష్షు పెంచాలని మళ్లీ మొదలుపెట్టేసరికి రికార్డులు అరకొర, చేసినవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2009లో ఈ సంగతి బయటపెట్టింది. నానా తంటాలు పడి పాత పద్ధతి తిరగతోడినా సరుకు కుదరలేదు. చివరికి తేలిందేమిటంటే, పాతరోజుల ముడిసరుకులో ఉన్న ఒక మలినమే అసలు పని చేసేది. కొత్త శుద్ధి విధానం దాన్ని శుభ్రంగా తీసిపారేస్తోంది. ఆ మలినం మహిమ ఆనాటి వాళ్లకూ తెలియదు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎన్ని ప్రశ్నలు వేసినా ఇది బయటపడేది కాదు.

మన వాల్వుల మనిషిని తెలిసిందంతా రాసిమ్మంటే అరపేజీ రాశాడు. ఎన్నింటికి తెరవాలి, ఎన్నింటికి మూయాలి, అంతే. దాచుకున్నాడని కాదు, మిగతాది చెప్పుకోదగ్గ విషయమని అతనికి తోచలేదు. అందుకని ఒక కుర్రాడి చేత వాల్వులు తిప్పించి, ఇతన్ని పక్కన నిలబెట్టి, నోరు మెదపొద్దన్నాం. ఆపుకోలేక అన్నవన్నీ రాసుకున్నాం.

"ఒరేయ్ ఆగు, అది అందరిలా కుడికి కాదు, ఎడమకి మూసుకుంటుంది."

"పదిహేడు చుట్లు చాలు. మరలు అరిగాయి, ఇంకా బిగిస్తే స్పిండిల్ ఊరికే తిరుగుతుంది."

"ముందు గుడి వీధిది తియ్యి. లేకపోతే లైన్లో గాలి పట్టి మెరక ఇళ్లకు నీళ్లెక్కవు."

కొత్త రోడ్డు వేసినప్పుడు తారు కింద పూడిపోయిన వాల్వు ఒకటుందని కూడా అలాగే తెలిసింది. కుర్రాడు దాని మీదుగా నడిచి వెళ్లిపోతుంటే కేకేశాడు. ఇంజనీరుగారి మ్యాపులో అది లేదు.

సాయంత్రం టీ తాగుతూ మెల్లగా అడిగాడు. "ఇదంతా రాసుకున్నాక నన్ను తీసెయ్యరు కదా సార్?" అడగాల్సిన ప్రశ్నే. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇది పైకి అడగలేనివాళ్లు సగం చెప్పి, సగం మర్యాదగా మింగేస్తారు. నేను ఇంజనీరుగారి వైపు చూశాను. మా చేతుల్లో లేదండీ, ఏజెన్సీని అడగాలన్నారు. ఏజెన్సీవాళ్లకు ఫోన్ చేస్తే, కాంట్రాక్టు మార్చిదాకే, ఆపైన టెండరు ఎవరికొస్తే వాళ్ల మనుషులుంటారని చెప్పారు.

ఖాళీగా ఉన్న మొదటి గడిలో 5 వేశాను.