ఓడినవాళ్లు ఎక్కడికి పోయారు? - కల్పిత లోకాల్లో మతచరిత్ర

నవలలో గానీ, సినిమాలో గానీ, ఆటలో గానీ లేని లోకాన్ని కల్పించేటప్పుడు దానికొక మతచరిత్ర కావాలి. అది నమ్మదగినదిగా ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు అన్నదే ఈ వ్యాసంలో మనం పరిశీలించే విషయం. ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మీలో చాలామంది రోజూ బస్సులో దాటే పటాన్‌చెరు చాలు.

ముందుగా ఆట సంగతి. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని మాట్లాడతారు. సందేహం వచ్చినచోట పాచికలు తీర్పు చెబుతాయి. నెలల తరబడి సాగే ఇలాంటి కథను క్యాంపెయిన్ అంటారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటకు ప్రచారం వచ్చింది. 1980లో దాని అనుబంధంగా డెయిటీస్ అండ్ డెమిగాడ్స్ అనే పుస్తకం వెలువడింది. అందులో దేవతలకు కూడా యోధులకు మాదిరే ప్రాణశక్తి ఇంత, కవచబలం ఇంత అని అంకెలు కట్టారు. ఇంద్రుడికి మార్కులు వేసినట్టు! నాకు నవ్వొచ్చింది గానీ, మన కుర్రాళ్లు రాసే కల్పిత కథల్లోనూ ఇదే ధోరణి ఉంది. వర్షానికొక దేవుడు, యుద్ధానికొక దేవుడు, చావుకొకడు. సచివాలయంలో శాఖలు పంచినట్టు పంచేస్తారు. ఆ దేవుళ్లకు పూజారులుంటారు, కాని ఆ పూజారికి బియ్యం ఎవరు కొలుస్తారో రచయితకు తెలియదు. వెయ్యేళ్ల కిందట మంచిమతం చెడ్డమతాన్ని ఓడించిందని ఒక్క వాక్యంలో చరిత్ర ముగిసిపోతుంది.

చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో నేను చేసిన పొరపాటు కూడా సరిగ్గా ఇదే. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం చెబుతున్నాను. అందులో పొట్లచెరువు పట్టణం కథ వస్తుంది. రాజు దేశింగుడు జైనుల పక్షం, రాణి సుగ్గలదేవి శివభక్తురాలు. దేవర దాసయ్య వచ్చి జైనులను ఓడిస్తాడు, రాజు శైవుడవుతాడు. ఆ పొట్లచెరువే మన పటాన్‌చెరు అని చెప్పి, 'ఇదీ ఇక్కడి మతచరిత్ర' అని ముగించాను. రాత్రి షిఫ్టు చేసి నేరుగా తరగతికి వచ్చిన ఒక కార్మిక విద్యార్థి లేచి, "సార్, మరి ఓడినవాళ్లు తర్వాత ఎక్కడికి పోయారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పద్యం ఎక్కడ ఆగిందో నేనూ అక్కడే ఆగాను.

ఆ జవాబు వెతకడానికి శాసనాల దగ్గరికి వెళ్లాలి. కల్యాణి చాళుక్యుల శాసనాల్లో వచ్చే పొట్టలకెరె అన్న పేరును చరిత్రకారులు పటాన్‌చెరుగా గుర్తించారు. కన్నడంలో కెరె అన్నా, తెలుగులో చెరువు అన్నా ఒకటే. పురాణంలోని దేశింగుడు పదకొండో శతాబ్దపు మొదటి సగంలో పాలించిన రెండవ జయసింహుడని, సుగ్గలదేవి అతని రాణి అని వారి అభిప్రాయం. అంటే కథకు ఒక చారిత్రక గింజ ఉంది. అయితే అదే కుటుంబం శాసనాల్లో ఎలా కనిపిస్తుందో చూడండి. జయసింహుడి సోదరి అక్కాదేవిని 1022 నాటి బేలూరు శాసనం (ఇది బాదామి ప్రాంతపు బేలూరు, హొయసలులది కాదు) జినుడు, బుద్ధుడు, అనంతుడు, రుద్రుడు, ఈ నలుగురికీ సంబంధించిన ఆచారాలు పాటించినదిగా పొగుడుతుంది. ఇక కొలనుపాకకు వస్తే, జయసింహుడి కాలం గడిచి ఎనభై ఏళ్లు దాటాక, 1125లో అదే వంశపు రాకుమారుడు అక్కడి జైన అంబికాదేవికి ఊరు దానమిచ్చాడు. పొట్లచెరువులో ఒక్క దెబ్బతో ముగిసిందని పురాణం చెప్పిన మతానికి రాజకుటుంబమే ఇంకా దానాలు చేస్తోంది!

అందుకని సోమనాథుడు అబద్ధం చెప్పాడనకండి. ఆయన జయసింహుడి తర్వాత నూరేళ్లకు పైగా గడిచాక, తన కాలపు భక్తుల కోసం, వారి పౌరుషం కోసం రాశాడు. విజయగాథ చెప్పవలసిన తీరు అదే. శాసనం పని వేరు. దానమిచ్చిన పొలానికి హద్దులు, అఖండదీపానికి గానుగ నుంచి రావలసిన నూనె, ఈ ధర్మానికి చెరుపు చేసినవాడికి తగిలే పాపం, ఇవి దానికి కావాలి. రెండూ నిజమైన పత్రాలే. రెండూ ఒకదానికొకటి పొసగవు. నమ్మదగిన మతచరిత్ర ఈ పొసగనిచోటే పుడుతుందని నా అభిప్రాయం.

మరి ఓడినవాళ్లు ఎక్కడికి పోయారు? కొందరు ఎక్కడికీ పోలేదు. కొలనుపాకలో ఈనాటికీ జైనమందిరంలో పూజ జరుగుతోంది. అదే ఊళ్లో సోమేశ్వరాలయం ఉంది, రేణుకాచార్యుడు అక్కడి లింగం నుంచే పుట్టాడని వీరశైవుల నమ్మకం. ఇద్దరికీ ఆ ఊరు క్షేత్రమే. పటాన్‌చెరులో వారి జాడ మట్టిలో ఉండిపోయింది. అక్కడ దొరికిన తీర్థంకరుల రాతి విగ్రహాలు హైదరాబాదు మ్యూజియం చేరాయి. పారిశ్రామికవాడకు పోయే లారీల రద్దీలో ఆ పట్టణం ఒకప్పటి రాజధాని అని తెలిపే ఆనవాలు ఊరిపేరులోని చెరువు ఒక్కటే. ఆ తర్వాతి పొరలు వేరే. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు మొక్కులు తీర్చుకుంటారు, అలావా చుట్టూ ఆడతారు. ఎందుకని అడిగితే 'మా తాతల నాటి నుంచి' అంటారు. ఏ పురాణమూ వివరించని ఇలాంటి ఆచారమే కల్పనకు అన్నిటికన్నా బలమైన సాక్షి.

ఈ కొలతతో కొన్ని రచనలను తూచి చూద్దాం. బాహుబలి (2015)లో కాలకేయుల కోసం కిలికి అనే భాషనే పుట్టించారు. అంత శ్రమపడిన దర్శకుడు, ఆ జనం ఎవరికి మొక్కుతారు, చచ్చినవాళ్లను ఏం చేస్తారు అన్నవాటిపై మన ఆసక్తి నిలపలేదు. అందుకే వాళ్లు యుద్ధంలో చావడానికే పుట్టినట్టుంటారు. దీనికి భిన్నమైనది విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు. సుబ్బన్నపేట కల్పిత గ్రామమే. అయినా అక్కడి సుబ్రహ్మణ్యేశ్వరుడు, వేణుగోపాలస్వామి, గణాచారి, దేవదాసి గిరిక, పొలాలు, జమీందారీ అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. గుడి క్షీణిస్తే దాన్ని నమ్ముకున్న బతుకులూ క్షీణిస్తాయి. తెలుగులో ఇంత గట్టిగా కట్టిన కల్పిత క్షేత్రం నాకు మరొకటి కనపడలేదు. లోపం కూడా చెప్పాలి. ఆ క్షీణతను నవల దుఃఖించేవాళ్ల కళ్లతోనే చూస్తుంది. ఆ గుడిలోకి అడుగుపెట్టే వీలు లేనివాళ్లకు ఆ వేయి పడగల నీడ ఎలా కనిపించిందో మనకు తెలియదు.

నవలాకారుడికి ఆ వెసులుబాటు ఉంది, పాత్రను మాట్లాడనీయకుండా ఉంచగలడు. ఆటలో అది కుదరదు. నలుగురిలో ఒకరు ఓడిన మతపు పాత్ర తీసుకున్నారనుకోండి, కథ నడిపేవారిని నా విద్యార్థి అడిగిన ప్రశ్నే అడుగుతారు. గ్రెగ్ స్టాఫర్డ్ సృష్టించిన గ్లోరాంథా లోకం, 1978లో రూన్‌క్వెస్ట్ అనే ఆటగా వచ్చినది, ఈ విషయంలో మెరుగు. అందులో దేవుణ్ని కొలవడమంటే ఒక సమాజంలో సభ్యత్వం. దానికి విధులుంటాయి, కాలమూ కానుకలూ ఇవ్వాలి. ఒకే పురాణఘట్టాన్ని ఒక్కో కల్టు తనకు తోచినట్టు చెప్పుకుంటుంది. ఎవరిది సరైనదో పుస్తకం తేల్చదు. ఆటగాళ్లే తగువులాడుకోవాలి.

పటాన్‌చెరు చుట్టుపక్కల బొల్లారం నుంచి ఇస్నాపూర్ వరకు, కార్మికుల గదుల్లో ఒరియా, భోజ్‌పురి, కన్నడం మాట్లాడేవారు ఉన్నారు. వాళ్లు తమ దేవుళ్లను వెంట తెచ్చుకున్నారు. షెడ్డు మూలలో విశ్వకర్మ పటం, అద్దెగదిలో జగన్నాథుడి క్యాలెండరు. ఇంకో రెండు వందల ఏళ్లకు దీని గురించి కూడా ఎవరో ఒక విజయగాథ రాయవచ్చు. అందులో ఎవరు ఎవరిని ఓడించినట్టు రాస్తారో, నిజంగా ఏం జరుగుతోందో రెండూ ఊహించగల స్థితిలో మీరున్నారు.

అభ్యాసం: ఒక కల్పిత పట్టణాన్ని తీసుకోండి. అక్కడ ఒక మతం మరో మతాన్ని ఓడించిందని చెప్పే విజయగాథను పది వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత అదే కాలానికి చెందిన ఒక దానశాసనం రాయండి. అందులో భూమి హద్దులు, నూనె కొలత, దాత పేరు ఉండాలి, దానం మాత్రం ఓడిపోయిన మతపు గుడికి ఇచ్చినదై ఉండాలి. రెండిటికీ పొత్తు కుదర్చకండి.